డాబా మీది ఎండకు చిటికెడు కారం!

వేసవి ఎండల్లో మీరెప్పుడైనా చీరాల నుంచి కారంచేడు వెళ్ళారా? ఏ డాబా చూసినా ఎర్రగా మిరపకాయలో, తెల్లగా వడియాలో ఆరబోసి కనబడతాయి. మా పెద్దమ్మ వాళ్ళ డాబా కూడా అంతే. కానీ ఈసారి నేను వెళ్ళేసరికి పెద్దమ్మ వడియాల పిండి పక్కన పెట్టి, డాబా మీద అటూ ఇటూ అడుగులు వేస్తూ లెక్క పెడుతోంది.

“ఏం పెద్దమ్మా, పైన గది వేయిస్తున్నావా?” అన్నాను.

“గది కాదే అమ్మాయ్, సోలారు. మూడు కిలోవాట్లు పెట్టాలంటే మూడొందల చదరపు అడుగులు కావాలిట. మరి నా వడియాలెక్కడ పెట్టుకోను?” అంది.

అసలు సమస్య వడియాలు కాదు. పెద్దమ్మ రెండేళ్ళు నెలనెలా కట్టిన చీటీ డబ్బు చేతికొచ్చింది. అమ్మే కుర్రాడేమో “ఇవాళే సంతకం పెట్టండమ్మా” అంటున్నాడు. మనవడేమో “ఆగు నానమ్మా, పెరోవ్‌స్కైట్ అని కొత్త రకం వస్తోంది. కరెంటు ఎక్కువిస్తుంది, ధర తక్కువ. ఇప్పుడు కొంటే మోసపోతావు” అంటున్నాడు. “ఇద్దర్లో ఎవరి మాట వినను? నువ్వు పత్రికలకు రాస్తావుగా, కనుక్కుని చెప్పు” అని నాకు అప్పజెప్పింది.

మీ ఇంట్లోనూ ఈ మాట వచ్చే ఉంటుంది. అందుకే కనుక్కున్నదంతా మీకూ చెబుతున్నాను. భయపడకండి, ఇందులో వంటింటికి తెలియని విషయం ఒక్కటీ లేదు!

ఎవరీ పెరోవ్‌స్కైట్?

ఇది మొదట ఒక రాయి పేరు. 1839లో రష్యాలోని ఉరల్ పర్వతాల నుంచి వచ్చిన ఒక ఖనిజాన్ని గుస్తావ్ రోజ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పరిశీలించి, లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ పెద్దమనిషి పేరు పెట్టాడు. అందులో కాల్షియం, టైటానియం, ఆక్సిజన్ ఒక పద్ధతిలో అమరి ఉంటాయి. ఆ అమరిక ఉన్న పదార్థాలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. ఇంటి ప్లాను ఒకటే, కట్టిన సామాను వేరన్నమాట. సోలార్ కోసం వాడే రకంలో సీసం, అయోడిన్, వాటితో పాటు ఒక సేంద్రియ పదార్థం ఉంటాయి.

ఇప్పుడు మన డాబాల మీద కనిపించే ప్యానెళ్ళు సిలికాన్‌తో చేసినవి. సిలికాన్ కరగాలంటే 1,400 డిగ్రీలు దాటిన వేడి కావాలి. పెరోవ్‌స్కైట్‌కు అంత కొలిమి అక్కర్లేదు. సరుకులన్నీ ద్రావకంలో కలిపి, అద్దం మీద పలచగా పరిచి, 100 నుంచి 150 డిగ్రీల దగ్గర ఆరనిస్తే చాలు. అంటే ఇడ్లీ ఉడికే వేడికి కాస్త ఎక్కువ! పొర మందం ఒక మైక్రాన్‌లో సగం. మన తలవెంట్రుక దానికి వంద రెట్లు లావుంటుంది. ఇంత తక్కువ సరుకుతో, ఇంత తక్కువ మంటతో కరెంటు వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి?

2009లో జపాన్‌లో మియాసాకా బృందం మొదటిసారి దీనితో సౌరఘటం చేసినప్పుడు, పడిన ఎండలో 3.8 శాతమే కరెంటుగా మారింది. 2012 నాటికి అది 10 శాతం దగ్గరకు చేరింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 శాతం దాటింది. సిలికాన్ మీద దీన్ని జంటగా పరిచిన ఘటాలైతే 34 శాతం కూడా దాటాయి. పెద్దమ్మ మనవడు చదివిన అంకెలు ఇవే. ఆ అంకెలు అబద్ధం కాదు. కానీ అవి దేని మీద వచ్చిన అంకెలో చూడాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నెయ్యి పూస కట్టినట్టు

3.8 నుంచి 26కు ఎలా ఎగబాకింది? కారణాలు చాలా ఉన్నాయి గానీ, వాటిలో ముఖ్యమైనది మనకు బాగా తెలిసిన కిటుకే. అదేమిటంటే, సరైన సమయంలో చిటికెడు ఏదో ఒకటి కలపటం!

వెన్న కాచి దించిన గిన్నెను గబగబా చల్లార్చారనుకోండి, నెయ్యి నున్నగా ముద్దలా పేరుకుంటుంది. కదపకుండా నిదానంగా ఆరనివ్వండి, పూసపూసగా పేరుకుంటుంది. పెరోవ్‌స్కైట్ పొర కూడా అంతే. ద్రావకం త్వరగా ఎగిరిపోతే పలుకులు సన్నగా, ఎడాపెడా ఏర్పడతాయి. మధ్యలో సందులు మిగులుతాయి. ఎండ తగిలి పుట్టిన విద్యుత్తు ఆ సందుల్లో చిక్కుకుని వృథా అవుతుంది. పైగా తేమ లోపలికి దూరేది కూడా వాటిలోంచే.

అందుకే ఆ పలుకులు నిదానంగా, పెద్దగా పెరిగేటట్టు చెయ్యటానికి కొన్ని రసాయనాలు కలుపుతారు. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవం సీసపు ఉప్పును కాసేపు పట్టుకుని వదులుతుంది, దాంతో తొందర తగ్గుతుంది. మిథైల్ అమ్మోనియం క్లోరైడ్ అనే మరొకటి పలుకులు పెద్దవవటానికి సాయం చేసి, వేడి తగిలాక చాలా వరకు ఎగిరిపోతుంది. దోసె వేసే ముందు పెనం మీద నీళ్ళు చల్లుతాం కదూ, అలాగే! పని చేసి పెట్టి, తాను కనబడకుండా పోతుంది.

కాఫీ ఒకరు, మిరపకాయ ఒకరు!

ఇక్కడ కథ మన వంటింట్లోకే వచ్చింది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో యాంగ్ యాంగ్ అనే ప్రొఫెసరు దగ్గర పనిచేసే పరిశోధకులు కాఫీ తాగుతూ ఈ ఘటాల గురించి మాట్లాడుకుంటున్నారట. మనకు ఊపిరి పోస్తున్న కాఫీ ఈ ఘటానికి ఎందుకు పనికిరాకూడదని వాళ్ళలో ఒకరికి తోచింది. సరదాకి అన్నమాట నిజంగా చేసి చూశారు. కాఫీలో ఉండే కెఫీన్‌ను కలిపితే, 17 శాతం దగ్గరున్న పనితనం 20 దగ్గరకు చేరింది. 2019లో ఈ సంగతి ప్రకటించారు.

కెఫీన్ చేసిన పని ఏమిటంటారా? దాని అణువులో ఆక్సిజన్ ఒక కొక్కెంలా బయటికి ఉంటుంది. పొరలో జత దొరక్క ఒంటరిగా మిగిలిన సీసపు అణువులను ఆ కొక్కెం పట్టుకుని నిలబెడుతుంది. డాబా పగుళ్ళలో సిమెంటు పాలు పోసినట్టు! 85 డిగ్రీల వేడిలో 1,300 గంటలు ఉంచినా, కెఫీన్ కలిపిన ఘటం తన శక్తిలో 85 శాతానికి పైగా నిలుపుకుంది. కలపనిది మాత్రం 175 గంటలకే 60 శాతానికి పడిపోయింది.

ఇక కారం సంగతి. 2021లో చైనాలోని షాంఘై పరిశోధకులు మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ను కలిపి చూశారు. 19.1 శాతం ఉన్నది 21.88 అయింది! గుంటూరు మిరపకాయకు మంట పుట్టించేది కూడా ఇదే పదార్థం. ఈ మాట చెప్పగానే పెద్దమ్మ “అయితే మన డాబా మీద రెండూ కలిపే ఆరబెట్టొచ్చు” అని నవ్వింది. (కొంపదీసి ఎవరూ ప్యానెల్ మీద కారం చల్లకండి! కలిపేది పొర తయారయ్యేటప్పుడు, అదీ శుద్ధి చేసిన పదార్థాన్ని, అతి స్వల్పంగా. ఎక్కువైతే కూరలో ఉప్పు ఎక్కువైనట్టే, పనితనం తగ్గిపోతుంది.)

ఉస్మానియా నుంచి స్విట్జర్లాండ్ దాకా

ఈ కథలో మనవాడూ ఉన్నాడండోయ్! పేరు మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. తెలంగాణలో పుట్టి, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, అక్కడే డాక్టరేటు తీసుకున్నారు. తర్వాత స్విట్జర్లాండ్ వెళ్ళి, మైఖేల్ గ్రేట్జెల్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి పనిచేశారు. ఆకుపచ్చని ఆకు ఎండను పట్టినట్టు, ఒక రంగు పదార్థంతో ఎండను పట్టే సౌరఘటాలు వాళ్ళవి. నజీరుద్దీన్ తయారుచేసిన రుథేనియం రంగుతో ఆ ఘటాలు 10 శాతానికి చేరాయని 1993లో ప్రకటించారు. మియాసాకా 2009లో చేసిందల్లా అలాంటి ఘటంలోనే రంగుకు బదులు పెరోవ్‌స్కైట్ వెయ్యటం. అంటే కొత్త కోడలు కాపురానికొచ్చింది పాత ఇంటికేనన్నమాట.

ఆ తర్వాత నజీరుద్దీన్ కూడా పెరోవ్‌స్కైట్ వైపు మళ్ళారు. 2017లో ఆయన బృందం చేసిన పని మన పెద్దమ్మ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా ఉంది. అమైనో వాలెరిక్ ఆమ్లం నుంచి చేసిన ఒక ఉప్పును నూటికి మూడు వంతులు కలిపారు. దాంతో పెరోవ్‌స్కైట్‌కు తోడుగా ఇంకో పలచని పొర తనంతట తానే ఏర్పడి, తేమను అడ్డుకుంది. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ముక్కకు గాలీ నీరూ తగలనివ్వకుండా కాపలా కాస్తుంది చూడండి, అలా. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక దీపం వెలుగులో 10,000 గంటలకు పైగా తగ్గకుండా పనిచేసింది. రాత్రీ పగలూ లెక్కేస్తే ఏడాది దాటిందన్నమాట.

మరి దాని పనితనం ఎంత? 11.2 శాతమే! మిగతా వాళ్ళు 20 దాటించి చప్పట్లు కొట్టించుకుంటున్న రోజుల్లో, వీళ్ళు అందులో సగంతోనే ఏడాది నిలబెట్టి చూపించారు. ఈ రెండింటిలో ఇల్లాలికి ఏది ముఖ్యం? అదే ఈ వ్యాసం మొత్తానికి అసలు ప్రశ్న.

మన హైదరాబాదులోనూ ఈ పని సాగుతోంది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ, బాలాపూర్ దగ్గరున్న ఏఆర్‌సీఐలోనూ ఈ ఘటాల మీద పరిశోధన జరుగుతోంది.

కారంచేడు ఎండ వేరు, ప్రయోగశాల ఎండ వేరు

ఇందాక అంకెల సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. 26 శాతం లాంటి అంకెలు చాలా వరకు గోరంత ఘటాల మీద వచ్చినవి. గోరంత ఘటంలో పొర సమంగా పరవటం తేలిక. డాబా అంత పలక మీద పరవటం కష్టం. చిన్న పెనం మీద పలచటి అట్టు వేసినంత సులువుగా, పెళ్ళివారి పెనం మీద వెయ్యగలమా?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కెఫీన్ ఘటం 1,300 గంటలు నిలిచింది నిజమే, కానీ ఆ పరీక్ష చేసింది నైట్రోజన్ వాయువులో. అక్కడ తేమ లేదు. కారంచేడులో తేమకేం తక్కువ? సముద్రం దగ్గర. రోహిణి కార్తెలో పగలు రోళ్ళు పగిలే ఎండ, సాయంత్రం ఒళ్ళంతా జిడ్డుగా ఉక్క. వేసవిలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. ఆపైన వానాకాలం, ఆపైన తుఫానులు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, గుర్తుందిగా!

సిలికాన్ ప్యానెళ్ళకు ఒక గట్టి పరీక్ష ఉంది. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో, 1,000 గంటలు ఉంచి చూస్తారు. అలాంటివన్నీ నెగ్గాకే, 25 ఏళ్ళయినా 80 శాతం దాకా కరెంటిస్తుందని కంపెనీలు రాసిస్తాయి. రోజుకు అయిదు గంటల గట్టి ఎండ అనుకున్నా, 25 ఏళ్ళకు 45,000 గంటలు దాటుతుంది. కొత్త రకం ఎదుర్కోవలసింది ఆ లెక్కను. చిటికెడు కలిపే ఈ పనులన్నీ ఇప్పుడు పాకులాడేది శాతం పెంచటానికి ఎంతో, ఏళ్ళు పెంచటానికీ అంతే.

సీసం ఉందిగా, మరి?

ఇది తల్లులు అడగవలసిన ప్రశ్న. సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. పెరోవ్‌స్కైట్ పొర పలచనిది కాబట్టి, చదరపు మీటరుకు సీసం ఒక గ్రాము లోపే ఉంటుంది. కానీ అది నీటిలో కరిగే రూపంలో ఉంటుంది. తుఫానుకు అద్దం పగిలి, డాబా మీది వాన నీరు తొట్టిలోకి వస్తే? అందుకే సీసాన్ని పట్టి ఉంచే పొరలను ప్యానెల్‌లోనే అమర్చే పని సాగుతోంది. 2020లో అమెరికాలో చూపించిన పద్ధతి ఒకటి, దెబ్బతిన్న ఘటంలోంచి కారే సీసంలో 96 శాతాన్ని ఆపగలిగింది. సీసానికి బదులు తగరం వాడే ప్రయత్నాలూ ఉన్నాయి. తగరంతో బాధ ఏమిటంటే, అది గాలి తగిలితే త్వరగా చెడుతుంది. దానికి విరుగుడుగా కొందరు కలిపి చూసింది ఏమిటో తెలుసా? మన నిమ్మకాయలో, ఉసిరికాయలో ఉండే విటమిన్ సి!

మరి ఇప్పుడేం చెయ్యాలి?

జంట రకం ప్యానెళ్ళను 2024 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ మొదటిసారి అమ్మకానికి పంపింది. వెళ్ళింది అమెరికాలోని ఒక విద్యుత్ సంస్థకు, మనలాంటి ఇళ్ళకు కాదు. పనితనం 24.5 శాతం. ఇప్పుడు మనకు దొరికే మంచి సిలికాన్ ప్యానెల్ ఇచ్చేది 20 నుంచి 22 దాకా. అంటే 22 శాతం ప్యానెల్ 100 యూనిట్లిచ్చే చోట, కొత్తది 111 ఇస్తుంది. ఆ పదకొండు యూనిట్ల కోసం ఏడాది ఆగితే, మూడు కిలోవాట్ల మీద ఏడాదికి వచ్చే నాలుగు వేల పైచిలుకు యూనిట్లు చేజారినట్టే. అందుకని పెద్దమ్మకు నేను చెప్పిన సలహా ఇది: కొత్త రకం కోసం ఆగొద్దు. అమ్మేవాడు తొందరపెట్టాడని సంతకమూ పెట్టొద్దు. ముందు ఈ నాలుగూ చూసుకో.

*ఒకటి.* నీ కరెంటు బిల్లులు ఏడాదివి ముందు పెట్టుకో. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తుంది, వంద చదరపు అడుగుల చోటు కావాలి. నెలకు 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి ఒకటి, రెండు కిలోవాట్లు చాలు.

*రెండు.* 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో, ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు గానీ ఆపైన గానీ అయితే 78,000 రాయితీగా ప్రకటించారు. ప్యానెళ్ళు మన దేశంలో తయారైనవై ఉండాలి. సంతకానికి ముందే, పథకంలో పేరున్న వాళ్ళో కాదో విద్యుత్ ఆఫీసులో కనుక్కో.

*మూడు.* గ్యారంటీ కాగితంలో శాతం కన్నా ముందు ఏళ్ళు చదువు. సముద్రపు ఉప్పు గాలికి తట్టుకునే పరీక్ష నెగ్గిందా అని అడుగు. స్టాండు తుప్పు పట్టనిదీ, తుఫాను గాలికి కదలనిదీ కావాలి. కొబ్బరిచెట్టు నీడ ప్యానెల్ మీద పడకూడదు.

*నాలుగు.* వేశాక దుమ్ము కడగటం ఉదయం చల్లటి వేళలోనే. మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద నీళ్ళు పొయ్యకూడదు. పీచు పెట్టి రుద్దకూడదు. ఉప్పు బోరు నీళ్ళయితే ఆరేలోపే మెత్తటి గుడ్డతో తుడిచేయాలి.

అమ్మేవాళ్ళు ఎవరైనా “కొత్త రకం, పెరోవ్‌స్కైట్” అంటూ మీ గుమ్మంలోకి వస్తే, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: “ఎండలో, ఉక్కలో, వానలో ఎన్నేళ్ళు నిలిచింది బాబూ, కాగితం చూపించు” అని. శాతం ఎంతని అడిగితే ఎవరైనా చెబుతారు. ఏళ్ళు అడిగితే చెప్పగలిగినవాడే సరైన సరుకు తెచ్చినవాడు.

పెద్దమ్మ బిల్లులు తీయించింది. వేసవిలో కూడా నూట యాభై దాటలేదు. “అయితే రెండు కిలోవాట్లే చాలుగా! మిగిలిన వందడుగులూ నా వడియాలకు” అంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. మిగిలిన చీటీ డబ్బు బ్యాంకులో వేసింది. మనవడు మాత్రం ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు. వాడికి పెద్దమ్మ చెప్పిన మాట మీకూ చెప్పి ముగిస్తాను.

“ఒరే, కొత్తావకాయ కలిపిన రోజే నోరూరిస్తుంది. మంచిదో కాదో తేలేది మాత్రం వానాకాలం దాటాక జాడీ మూత తీసినప్పుడే. నీ కొత్త సోలారునూ నాలుగు వానాకాలాలు దాటనీ. అప్పుడు నీ ఇంటి మీద నువ్వు వేయించుకుందువుగాని!”